క్యాన్ నీళ్లే తాగుతున్నాం, మరి టైఫాయిడ్ ఎట్లా వస్తోంది?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. దేవరకొండ దగ్గర మీ కాలనీలో నెల రోజుల్లో ఆరుగురికి టైఫాయిడ్ వచ్చిందని, మీ ఏడేళ్ల బాబుకు ఏడాదిలో ఇది రెండోసారి అని రాశారు. ఇంట్లో తాగేది ఫిల్టర్ క్యాన్ నీళ్లే. "ఇల్లు శుభ్రంగానే ఉంచుకుంటాం, బయట ఏదీ కొనిపెట్టం, మరి మాకే ఎందుకు?" అని అడిగారు. నేను నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హెల్త్ అసిస్టెంటుగా చేరి సూపర్‌వైజరుగా రిటైరైనవాణ్ని. డాక్టర్ని కాను, మందుల సంగతి డాక్టరే చెప్పాలి. కానీ జ్వరం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఏ దారిన పోతోందో వెతకడమే ముప్పై ఏళ్లు నా డ్యూటీ. అందుకే వివరంగా రాస్తున్నా.

ముందు మీ మనసులో బరువు దించాలి. మీరు ఇల్లు సరిగ్గా ఊడవకపోవడం వల్ల ఈ జ్వరం రాలేదు. టైఫాయిడ్ క్రిమి పేరు సాల్మొనెల్లా టైఫీ. అది మనిషి ఒంట్లో తప్ప ఇంకెక్కడా కాపురం పెట్టదు. పశువుల్లో పెరగదు, కోళ్లలో పెరగదు, దోమ కుడితే రాదు. జ్వరంతో ఉన్న మనిషి నుంచో, జ్వరం తగ్గినా క్రిమిని మోస్తున్న మనిషి నుంచో మలంతో బయటికి వస్తుంది, కొన్నిసార్లు మూత్రంతో కూడా. తర్వాత ఇంకొకరి నోట్లోకి చేరాలి. దాని ప్రయాణం అంతే. డబ్బున్నవాళ్ల ఇళ్లలో మురుగు ఒక దారిన పోతుంది, మంచినీళ్లు ఇంకో దారిన వస్తాయి. మన కాలనీల్లో ఆ రెండూ ఒకే గల్లీలో పక్కపక్కనే నడుస్తాయి, చాలాచోట్ల మోరీ కిందనుంచే నల్లా పైపు పోతుంది. పేదవాళ్లకు ఈ జ్వరం ఎక్కువ రావడానికి అసలు కారణం ఇదే. నాగరికత లేకపోవడం, చదువు లేకపోవడం అని ఎవరైనా అంటే నమ్మకండి.

నేను కళ్లారా చూసింది ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట, మీ వైపే ఒక ఊళ్లో మూడు వారాల్లో తొమ్మిదిమందికి జ్వరాలు. అందరూ బస్టాండు దగ్గరి మిర్చి బజ్జీల బండి మీద పడ్డారు. ఆ బండాయనను ఊళ్లోనుంచి వెళ్లగొట్టేదాకా వచ్చింది. నాకు అనుమానంగా ఉండింది, ఎందుకంటే సలసల కాగే నూనెలో వేగిన బజ్జీలో ఈ క్రిమి బతకదు. పైగా జ్వరం వచ్చిన తొమ్మిదిమందిలో ఏడుగురివి కాలనీలో పల్లంగా ఉన్న రెండు గల్లీలే. ఆ ఇళ్లలో ముసలమ్మలు, చంటిపిల్లలు కూడా ఉన్నారు, వాళ్లు బస్టాండుకు పోయి బజ్జీలు తినేవాళ్లు కాదు.

నీళ్లు వదిలే టైముకు, పొద్దున అయిదున్నరకు, ఆ గల్లీకి పోయి నిలబడ్డాను. ప్రెషర్ లేక నల్లాకు నీళ్లు ఎక్కవు కాబట్టి ప్రతి ఇంటి ముందూ నడుంలోతు గుంత తవ్వుకుని, పైపు కోసి, ఆ గుంతలో నల్లా పెట్టుకున్నారు. ఆడవాళ్లు గుంతలోకి దిగి చెంబుతో బిందె నింపుకుంటున్నారు. గుంతకు జానెడు దూరంలో మోరీ. మోరీ గోడ పగిలి నీళ్లు గుంతలోకి ఊరుతున్నాయి, అడుగున నల్లటి బురద. నీళ్లు వచ్చినంతసేపూ గుంత నిండుతూనే ఉంది, నల్లా మూతి మునిగిపోయింది. ముప్పావు గంటకు మోటారు బంద్ చేశారు. అప్పుడు చూశాను. గుంతలో నిలిచిన మురికినీళ్లు గుడగుడమని శబ్దం చేస్తూ నల్లా మూతిలోకి వెనక్కి పోతున్నాయి. చెయ్యి పెట్టి చూస్తే అరచేతిని పైపు పట్టి లాగుతోంది. లైను ఖాళీ అయ్యేటప్పుడు పైపులో గాలి కోసం లాగుడు పుడుతుంది. నోరు ఎక్కడ తెరిచి ఉంటే అక్కడినుంచి, జాయింటు ఎక్కడ లూజుగా ఉంటే అక్కడినుంచి, బయట ఏది ఉంటే అది లోపలికి పోతుంది. మర్నాడు పొద్దున మొదటి బిందెలో ఆ నీళ్లే పై గల్లీ వాళ్లకూ కింది గల్లీ వాళ్లకూ వస్తాయి.

ఇరవై నాలుగ్గంటలూ నీళ్లు నిండుగా ఉండే పైపులోకి మురుగు అంత సులువుగా దూరదు. లోపలి ప్రెషరే దాన్ని బయటికి తోస్తుంది. రోజుకు గంట, రెండు రోజులకోసారి గంట నీళ్లిచ్చే చోట్లనే ఈ ముప్పు. ఇక ప్రెషర్ చాలట్లేదని ఎవరైనా నల్లాకు నేరుగా మోటారు బిగించి గుంజారనుకోండి, పక్కింటి జాయింటులోనుంచి మోరీ నీళ్లను గుంజినట్టే. ఆ మోటారు పెట్టినాయనకు ఈ సంగతి తెలియదు, ఆయనకు కావలసింది రెండు బిందెల నీళ్లు.

ఆ ఊళ్లో మేము చేసింది పెద్ద పనేమీ కాదు. మోరీ కింద పోయే పైపులో రెండు జాయింట్లు కారుతున్నాయి, వాటిని మార్పించాం. వాల్వు పెట్టి కాలనీని రెండు భాగాలు చేసి ఒక్కో భాగానికి విడివిడిగా నీళ్లు వదిలించాం, దాంతో పల్లం గల్లీలో కూడా నల్లా భూమికి రెండడుగుల ఎత్తున పెట్టగలిగాం. గుంతలు పూడ్చేశారు. ట్యాంకులో బ్లీచింగ్ రోజూ పడేట్టు చూశాం. రెండు మూడు వారాల్లో కొత్త జ్వరాలు ఆగిపోయాయి. ఆ రెండు మూడు వారాలు ఎందుకంటే, క్రిమి ఒంట్లోకి పోయిన రోజే జ్వరం రాదు. మామూలుగా ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి నెల దాకా పడుతుంది. నిన్న తిన్న పానీపూరీ వల్ల ఇవాళ టైఫాయిడ్ వచ్చింది అని జనం అనుకునేది అందుకే తప్పవుతుంది. బాబు జ్వరానికి కారణం వెతకాలంటే రెండు మూడు వారాల వెనక్కి పోయి చూడాలి. ఆ రోజుల్లో పెళ్లికి పోయారా, జాతరకు పోయారా, నల్లా నీళ్లు రంగు మారి వచ్చాయా, గుర్తు చేసుకోండి.

ఇప్పుడు మీ క్యాన్ నీళ్ల సంగతి. మీరు ఇంకోచోట కాకుండా నల్గొండ జిల్లాలో ఉన్నారు కాబట్టి ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. మన మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు బోరునీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు వంకర్లు పోయిన మనుషులను చూసి పెరిగాం మనం. బోరునీళ్లంటే భయం మన ఒంట్లోనే ఉంది. ఆ భయం న్యాయమైనదే. ఆ భయంతోనే ఊరూరా ఆర్‌ఓ ప్లాంట్లు వచ్చాయి. కానీ ఫ్లోరైడ్ ఒక ముప్పు, క్రిమి ఇంకో ముప్పు. ఒకదానికి వేసిన మందు రెండోదానికి పనికిరాదు. నీళ్లు కాచితే టైఫాయిడ్ క్రిమి చస్తుంది, ఫ్లోరైడ్ మాత్రం పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ కాస్త చిక్కబడుతుంది కూడా. ఆర్‌ఓ మిషను ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది, క్రిములనూ ఆపుతుంది, కానీ నీళ్లలోని క్లోరిన్ కూడా పోతుంది. మిషను దాటిన తర్వాత ఆ నీళ్లకు కాపలా ఎవరూ లేరు. కడగని క్యాన్, పగిలిన మూత, ప్లాంటులో క్యాన్ నింపే మనిషి చేతులు, ఇంట్లో గ్లాసుతో పాటు క్యాన్‌లో మునిగే వేళ్లు. వీటిలో ఏ ఒక్కదాని నుంచి క్రిమి పడినా చంపడానికి ఆ నీళ్లలో ఏమీ ఉండదు. నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ వాళ్లు మన జిల్లా పేరుతోనే "నల్గొండ టెక్నిక్" అని ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి తయారు చేశారు. అందులో పటిక, సున్నంతో పాటు బ్లీచింగ్ కూడా వేసేవాళ్లు. అంటే రెండు ముప్పులూ వేరువేరని వాళ్లకు అప్పుడే తెలుసు.

సరే, మీ క్యాన్ మంచిదే అనుకుందాం. మీరు జవాబు రాసేటప్పుడు ఒక్కటి చెప్పండి, పచ్చిపులుసులో ఏ నీళ్లు పోస్తున్నారు? ఈ ప్రశ్న నేను వందల ఇళ్లలో అడిగాను. తాగడానికి క్యాన్ అని గర్వంగా చెప్పినవాళ్లే ఈ ప్రశ్నకు ఆగి ఆలోచించేవాళ్లు. చింతపండు పిసికేది బిందెలోని నల్లా నీళ్లతో, పొయ్యి మీద పెట్టేది లేదు. అన్నం ఉడుకుతుంది, పప్పు ఉడుకుతుంది, పచ్చిపులుసు ఉడకదు. మజ్జిగలో కలిపేవి, చట్నీ రుబ్బేటప్పుడు చిలకరించేవి, కొత్తిమీర, ఉల్లిగడ్డ కడిగేవి, చల్లారిన అంబలిని పలచన చేసేవి, పొద్దున పళ్లు తోముకుని పుక్కిలించేవి, అన్నీ ఆ నీళ్లే. ఇరవై రూపాయల క్యాన్‌ను పచ్చిపులుసుకు వాడమని నేను కూలీ ఇంటికి చెప్పలేను. అందుకే ఇంటికి వచ్చే నల్లా నీళ్లే బాగుండాలి. దాని కోసం కొట్లాడాలి.

ఆ కొట్లాటకు మీ చేతిలో ఒక ఆయుధం ఉంది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకానికి 2015లో పైలాన్ వేసింది మన చౌటుప్పల్‌లోనే. ఇప్పుడు మనకు వచ్చేవి కృష్ణా నీళ్లు. శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి పంపిస్తారు. కానీ క్లోరిన్ దారిలో తగ్గిపోతూ వస్తుంది, ఊరి ట్యాంకులో పాచి ఉన్నా, బోరునీళ్లు కలిపినా ఇంకా తగ్గుతుంది. చివరి ఇంటి నల్లాలో కనీసం 0.2 పీపీఎం, అంటే లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఇది చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. క్లోరోస్కోప్ అని చిన్న డబ్బా ఉంటుంది. గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. రంగు రాకపోతే ఆ నీళ్లలో క్లోరిన్ లేనట్టే. పంచాయతీ వాటర్‌మ్యాన్ దగ్గరో, పీహెచ్‌సీలోనో ఇది ఉంటుంది. ట్యాంకు కింద నల్లా దగ్గర చూసి బాగుందని రాసుకుని పోతారు, ఒప్పుకోకండి. మీ కాలనీలో ఆఖరి ఇంటి దగ్గర, పల్లంగా ఉన్న గల్లీలో చూడమనండి. వాటర్‌మ్యాన్ మీద కోపం పెట్టుకోకండి, వచ్చే జీతానికి ఆయన చేసే పని చాలా ఎక్కువ. ఆయనను పక్కన పెట్టుకుని సర్పంచ్ దగ్గరికి పోతే పని తొందరగా అవుతుంది. బ్లీచింగ్ పౌడర్ మూత తీసి ఉంచిన బస్తాలో నెలల తరబడి ఉంటే పస పోతుంది. వేస్తున్నాం అంటారు, నిజంగా వేస్తారు, అయినా పనిచేయదు. బస్తా ఎప్పటిదో చూడండి.

క్లోరిన్ నీళ్లు మందు వాసన వస్తున్నాయని జనం పారబోసి క్యాన్‌కు పోవడం నాకు బాధ కలిగించే విషయం. ఆ వాసనే కాపలా ఉన్నట్టు గుర్తు. పల్చటి బట్ట కప్పి గంటసేపు ఉంచితే చాలావరకు పోతుంది.

మలం సంగతి కూడా మాట్లాడాలి, సిగ్గుపడితే కుదరదు. ఇప్పుడు చాలా ఇళ్లకు మరుగుదొడ్డి ఉంది. కానీ దాని వెనక పైపు ఎక్కడికి పోతోందో ఎవరూ చూడరు. సెప్టిక్ ట్యాంకు నిండితే నేరుగా మోరీలోకి వదిలే ఇళ్లు ప్రతి కాలనీలోనూ చూశాను. ఆ మోరీ పక్కనే నల్లా గుంత. చంటిపిల్లల దొడ్డి శుభ్రమైనదేలే అని మోరీలో వేస్తారు. అది తప్పు, పిల్లలకూ ఈ జ్వరం బాగా వస్తుంది, వాళ్ల దొడ్డిలోనూ క్రిమి ఉంటుంది. మరుగుదొడ్డి దగ్గర బకెట్‌తో పాటు సబ్బు కూడా ఉండాలి. ఒక తండాలో ఒకామె సబ్బును పాత సాక్సులో వేసి దొడ్డి తలుపుకు వేలాడదీసింది, ఎవరూ ఎత్తుకుపోకుండా, నేల మీద నానకుండా. నేను ఆ తర్వాత వెళ్లిన ప్రతి ఊళ్లో ఆ సంగతి చెప్పాను.

ఇంకో దారి వలస. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. నారాయణపేట, మక్తల్ వైపు నుంచి ముంబై, పుణె పోతారు, మన దేవరకొండ తండాల నుంచి హైదరాబాద్ బిల్డింగు పనులకు, ఇటుక బట్టీలకు పోతారు. అక్కడ రేకుల షెడ్లు, ట్యాంకరు నీళ్లు, వందమందికి ఒక దొడ్డి కూడా ఉండదు. పండక్కి ఇంటికి వస్తారు, వచ్చిన వారానికి జ్వరం మొదలవుతుంది. పని మానుకుంటే కూలీ పోతుంది కాబట్టి జ్వరం దిగిన మూడో రోజే మాత్రలు ఆపేసి పనిలోకి పోతారు. ఈ మనుషులు ఊరికి జ్వరం తెచ్చారని తిట్టినవాళ్లను నేను చూశాను. ఊళ్లో మోరీకీ నల్లాకూ సంబంధం లేకపోతే వాళ్లు తెచ్చిన క్రిమి ఊరంతా తిరిగేది కాదు.

జ్వరం తగ్గినా క్రిమి వెంటనే పోదు. కొన్ని వారాలు మలంలో వస్తూనే ఉంటుంది. నూటికి ఇద్దరు ముగ్గురిలో, ఒక్కోసారి అయిదుగురి దాకా, పిత్తాశయంలో ఏడాదికి మించి, కొందరిలో జీవితాంతం ఉండిపోతుంది. వాళ్లకు ఏ బాధా ఉండదు. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లలో, ఆడవాళ్లలో ఇది కాస్త ఎక్కువ. న్యూయార్క్‌లో మేరీ మలాన్ అనే వంటామెను ఇలాగే 1907లో పట్టుకుని దీవిలో పెట్టారు. మధ్యలో కొన్నేళ్లు వదిలి, మళ్లీ పట్టుకుని, 1938లో ఆమె చనిపోయేదాకా అక్కడే ఉంచారు. ఆమెకు ఎన్నడూ జ్వరం వచ్చినట్టు గుర్తులేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ కాలనీలో ఎవరి వల్ల వచ్చిందో వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టకండి. బడిలో వండే ఆయమ్మ మీదికో, టీ కొట్టాయన మీదికో పోతుంది అది. వండే ప్రతి మనిషికీ సబ్బు, నీళ్లు, దొడ్డి ఉండేట్టు చూడటం మంచిది.

ఇక బాబుకు రెండోసారి వచ్చిందన్నారు. మీ మనసు నొప్పించాలని కాదు, కానీ రెండుసార్లూ అది టైఫాయిడే అని ఎట్లా తేల్చారు? "పాయింట్లు వచ్చాయి" అన్నారా? మన దగ్గర ప్రతి జ్వరానికీ రెండో రోజే విడాల్ టెస్టు రాస్తారు. 1896 నాటి పద్ధతి అది. రక్తంలో క్రిమిని వెతకదు, ఎప్పుడో క్రిమితో పోరాడినప్పుడు తయారైన యాంటీబాడీలను చూస్తుంది. పోయిన ఏడాది టైఫాయిడ్ వచ్చినా, ఇంకో జ్వరం వచ్చినా పాయింట్లు కనిపించవచ్చు. నిజంగా టైఫాయిడ్ ఉన్నా మొదటి వారంలో కనిపించకపోవచ్చు. మందులు వాడాక పాయింట్లు తగ్గాయా అని మళ్లీ మళ్లీ టెస్టు చేయించడం డబ్బు దండగ. సరైన పరీక్ష బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసేది, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు రక్తం తీసుకుని చేసేది. అది కూడా అన్ని కేసులనూ పట్టదు కానీ పట్టిందంటే ఏ మందు పనిచేస్తుందో చెప్తుంది. మన దేశంలో సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులకు ఈ క్రిమి చాలావరకు లొంగడం మానేసింది. పాకిస్తాన్ సింధ్‌లో కూడా హైదరాబాద్ అని ఒక ఊరుంది. 2016లో అక్కడ మొదలైన టైఫాయిడ్ మనం వాడే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌కు కూడా లొంగలేదు. తెలిసీ తెలియక సగం కోర్సులు వాడితే మనకూ ఆ రోజు వస్తుందని నా భయం. డాక్టరు ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులూ మింగించండి. గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే టైఫాయిడ్ తగ్గదు, నీళ్లు తాగలేనివాళ్లకు ఆసరా మాత్రమే. పథ్యం పేరుతో నెలరోజులు బ్రెడ్డు, పాలు మాత్రమే పెట్టి పిల్లవాణ్ని ఎండబెట్టకండి. మెత్తటి అన్నం, పప్పుకట్టు, అరటిపండు, ఉడికించిన గుడ్డు పెట్టవచ్చు. జ్వరం రెండో, మూడో వారంలో ఉండగా హఠాత్తుగా కడుపునొప్పి వచ్చి పొట్ట గట్టిపడినా, దొడ్డి నల్లగా తారులా వచ్చినా, పిల్లవాడు మగతగా పడి ఉన్నా, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా నేరుగా పెద్ద దవాఖానకు తీసుకెళ్లండి. పేగుకు చిల్లి పడి ఉండవచ్చు. నా సర్వీసులో అలా ఆలస్యమై పోయిన ఒక పిల్లవాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

టీకా ఉందా అని కూడా అడిగారు. ఉంది. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా, ఆరు నెలలు దాటిన పిల్లల నుంచి వేయవచ్చు, ఒక్క డోసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట ఆమోదించిన టీకా మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ వాళ్లదే. నేపాల్, మలావీ దేశాల్లో పిల్లలకు వేసి చూస్తే నూటికి దాదాపు 80 కేసులు ఆగాయి. పిల్లలందరికీ వేసే టీకాల్లో దీన్ని చేర్చిన మొదటి దేశం పాకిస్తాన్, 2019లో. నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ మన జిల్లాల్లో ఇది ఉచిత టీకాల్లో లేదు, ప్రైవేటులో కొనుక్కోవాల్సి వచ్చేది. మన పక్కన తయారయ్యే టీకా మన తండా పిల్లలకు అందకపోవడం నన్ను చాలా ఏళ్లు బాధపెట్టింది. ఇప్పుడు ఎట్లా ఉందో మీ ఏఎన్ఎంను అడగండి. బాబు పూర్తిగా కోలుకున్నాక ఎప్పుడు వేయించాలో డాక్టరు చెప్తారు. వేయించినా నీళ్ల సంగతి వదిలిపెట్టకూడదు.

లైను బాగయ్యేదాకా ఇంట్లో ఏం చేయాలంటే, నీళ్లు వదలగానే వచ్చే మొదటి రెండు బిందెలు పక్కన పెట్టి బాత్రూముకు, చెట్లకు వాడండి. తాగేవి, పచ్చిపులుసుకు, మజ్జిగకు వాడేవి తెర్లేదాకా కాచండి, భగీరథ నీళ్లయితే అదే చాలు. కట్టెలు, గ్యాస్ సరిపోకపోతే ఆశా కార్యకర్త దగ్గర క్లోరిన్ బిళ్లలు అడగండి. ప్యాకెట్ మీద ఎన్ని లీటర్లకు అని ఉంటే అన్ని లీటర్లకే వేసి, అరగంట ఆగి వాడండి. బిందెలో చెయ్యి ముంచకుండా కాడ ఉన్న ముంత పెట్టుకోండి, లేదా అడుగున నల్లా ఉన్న స్టీలు డ్రమ్ము.

రేపు నీళ్లు వచ్చే టైముకు మీ గల్లీ అంతా ఒకసారి నడవండి. ఎన్ని నల్లాలు గుంతల్లో ఉన్నాయి, ఎన్ని చోట్ల పైపు మోరీని దాటుతోంది, ఆ ఆరుగురి ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఒక కాగితం మీద గీయండి. మోటారు ఆపిన తర్వాత ఏదైనా గుంత నల్లా మూతికి అరచెయ్యి పెట్టి చూడండి. లాగితే ఆ ఇంటి గుర్తు కాగితం మీద వేసి, దాన్ని ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఏ జాయింటు దగ్గర తవ్వించాలో చూసి చెప్తాను.